వచ్చినవాళ్ల ముందు

మా ఆయన ముప్పై నాలుగేళ్లు హోటల్ రిసెప్షన్‌లో పనిచేశాడు. అల్జీమర్స్ వచ్చి మూడేళ్లయింది. నా పేరూ మా అమ్మాయి పేరూ ఎప్పుడో మరిచిపోయాడు, చొక్కాకు ముందేదో వెనకేదో తెలియదు. మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా నడుం నిటారుగా పెట్టి, "రండి, ప్రయాణం సుఖంగా జరిగిందా?" అంటాడు. వాళ్లటు వెళ్లగానే తన పర్సు దొంగిలించానని నా మీద విరుచుకుపడతాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "అన్నయ్య బానే మాట్లాడుతున్నాడు కదా వదినా, నువ్వే లేనిపోని కంగారు పడుతున్నావు." ఆమెతో మాట్లాడే రెండు నిమిషాలూ బానే ఉంటాడు. మిగతా ఇరవై మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలూ నావి.

నేను పనిచేసే స్కూల్ ఆఫీసులో సెలవులన్నీ అయిపోయాయి. సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని తేల్చి చెప్పేశారు. ఇలాంటివాళ్లను పగలంతా చూసుకునే కేంద్రంలో ఒకే ఒక్క ఖాళీ ఉంది. ఆయన పరిస్థితి చూసి రాసుకోవడానికి శుక్రవారం పొద్దున అక్కడి నర్సు వచ్చింది. మా అమ్మాయి వయసుంటుంది.

ఇక చూడాలి ఈయన్ని. తనే కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు.

"ఈరోజు ఏ వారం సార్?"

"మీలాంటివాళ్లు వస్తే ఏ వారమైనా మంచి వారమే మేడమ్."

"పిల్లలెంతమంది?"

"దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు. మీరు టీ తీసుకుంటారా?"

ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు, ఒక్కటీ తెలియదనీ అనలేదు. గదులు లేకపోయినా వచ్చినవాళ్లను నవ్విస్తూ పంపేసిన నోరది. నర్సు రాయడం ఆపి నా వైపు తిరిగింది.

"సార్ బానే ఉన్నారు కదండీ. ఇంతకంటే ఇబ్బందిపడేవాళ్లు చాలామంది ఉన్నారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లారకముందే లేచి ఆయన తడిపిన దుప్పట్లు ఉతికింది నేను. మోచేతి మీద ఆయన గిల్లిన మచ్చలు చూపించినా, ఎక్కడో తగిలించుకున్నాననే అనుకుంటుంది.

"ఏవండీ, ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రండి," అన్నాను.

రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఈసారి కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

"ఒక్క నిమిషం మేడమ్," అని ఆమెకు చెప్పి దర్జాగా లేచాడు. బాత్రూమ్ తలుపు దాటిపోయి, మూలనున్న బట్టల బీరువా తెరిచి, దాని ముందు నిలబడి జిప్పు తీశాడు. అటే వెళ్తాడని నాకు తెలుసు. తెలిసే పంపాను. మడతపెట్టిన బట్టల మీద చప్పుడు ఇద్దరికీ వినిపించింది. నర్సు తల వంచుకుని గబగబా రాసుకుంది.

సోమవారం నుంచి తీసుకురమ్మంది. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లేదాకా ఆయన బీరువా దగ్గరే నిలబడ్డాడు, గుమ్మం వైపు చూడనైనా లేదు.

"ఆ అమ్మాయి ముందెందుకు పంపావు?" అన్నాడు మెల్లగా.

"మరేం చెయ్యమంటారు? ఊళ్లోవాళ్లందరి ముందూ బాగుంటారు, నా దగ్గరేగా మీ జబ్బంతా," అని అరిచాను. ఆయన మీద కోపం, మనిషి పరువు తీస్తే తప్ప నమ్మని ఆ కాగితాల మీద కోపం. అన్నిటికంటే నా మీద.

తిన్న సంగతి పది నిమిషాల్లో మరిచిపోయే మనిషి సాయంత్రం దాకా గోడ వైపు తిరిగే కూర్చున్నాడు. భోజనం పెడితే పళ్లెం నెట్టేశాడు.

"ఏమైందండీ?" అని పక్కన కూర్చుని అడిగాను.

"ఎవరో నన్ను అవమానించారు. ఎవరో గుర్తు రావట్లేదు," అన్నాడు. "నువ్వు కాస్త కనుక్కో."

కనుక్కుంటానన్నాను.