పిట్టకు ఏం పెట్టాలె?

ముందు ఊరి సంగతులు. పంతొమ్మిది వందల ఎనభై మూడొచ్చినా నల్లాల్లో బురదేనా అని మట్టెవాడలో నన్ను తిట్టని నోరు లేదు. పైపు మార్చారు, ఈ వారం నుంచి తేట నీళ్ళే వస్తాయి. పోచమ్మ మైదానం దగ్గర వీధి దీపాలు వెలిగాయి. దయచేసి వాటిని మీ పిల్లల రాళ్ళ నుంచి కాపాడండి. పందుల గురించి రంగశాయిపేట వాళ్ళిచ్చిన దరఖాస్తు చూశాను. చూస్తాం గానీ, నా మాట కౌన్సిలర్లే వినరు, ఇక పందులేం వింటాయి!

ప్రతి నెలా ఈ కాగితం వార్డు బోర్డులకు అంటించేటప్పుడు చివర నా సొంత మాట నాలుగు ముక్కలు రాస్తానని మీకు తెలుసు. మున్సిపల్ చైర్మన్ కుర్చీలో కూర్చున్నా నేను గిన్నెల దుకాణం పాండురంగాన్నే, మాట్లాడకుండా ఉండలేను. ఈసారి నాలుగు ముక్కలతో సరిపోదు.

కిందటి నెల కండ్ల క్యాంపు పెట్టాం. హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చి, కళ్ళకు పొర కమ్మిన ముసలివాళ్ళకు ఉచితంగా ఆపరేషన్ చేస్తామన్నారు. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలి కదా అని, డప్పు కొట్టి చాటే మొండయ్యను పిలిచి కాగితం చదివి వినిపించాను. "ఆదివారం బడిలో వృద్ధుల ఉచిత నేత్ర చికిత్సా దినం." ఎంత గంభీరంగా ఉందో చూడండి! నేనే రాశాను.

మొండయ్య గల్లీ గల్లీ తిరిగి ఏమని చాటాడో తెలుసా?

"వినుండ్రి! అయితారం బడిల ముసలోళ్ళ దినం! మున్సిపాల్టోళ్ళే చేస్తాండ్లు! ఖర్చు లేదు!"

మన దగ్గర దినం అంటే ఏమిటో మీకు చెప్పాలా? మనిషి పోయాక చేసే కర్మ. బతికున్న మనిషి చెవిన పడాల్సిన మాట కాదది.

ఆదివారం పొద్దున డాక్టర్లు ముగ్గురూ సిద్ధంగా కూర్చున్నారు. ఎదురుగా బల్లలన్నీ ఖాళీ. శివనగర్‌లో ముసలివాళ్ళు తలుపులు వేసుకున్నారని కబురొచ్చింది. ఒక తాతయితే వీధిలో నిలబడి, "నేను బతికుండంగనే నా దినం చేస్తడా వాడు?" అని నా ఏడు తరాలనూ తలుచుకున్నాడట. నేను మొండయ్య మీద ఎగిరాను.

"ఏం చాటినవయ్యా? నేనేం చెప్పిన, నువ్వేం చాటినవ్?"

"మీరు చెప్పిందే చాటిన సాబ్. నడుమ మాటలకు నోరు తిరగలే, ఇడిసిపెట్టిన."

డాక్టర్లు గడియారాలు చూసుకుంటున్నారు. నా పరువు పోతోందని నా బాధ.

అప్పుడొచ్చింది ఒక ముసలమ్మ. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది. రెండు కళ్ళూ తెల్లగా పొర కమ్మి ఉన్నాయి. ప్రాణం లేచొచ్చి, "రా అవ్వా, రా, కూసో" అని ఎదురెళ్ళాను. ఆమె కూర్చోలేదు.

"చైర్మన్ ఏడున్నడు?"

"నేనే అవ్వా."

"నా పేరు భద్రమ్మ. మాది పాలకుర్తి దిక్కు. మా ఆయన ఈడ మార్కెట్ల బస్తాలు మోసిండు. ఆయన పోయి శానా ఏండ్లాయె, పిల్లల్లేరు. నాకు ఎనకా ముందు ఎవ్వల్లేరు నాయినా. మీరు దినాలు చేస్తాండ్లట గద? నన్ను గూడ జర యాదిల పెట్టుకో. పెద్దగ ఏమద్దు. మూడో నాడు పిట్టకు పెడితె సాలు."

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఊరంతా ఆ మాటకు భయపడి తలుపులేసుకుంటే, ఈమె ఆ మాట కోసమే తడుముకుంటూ నడిచొచ్చింది. పోయినవాళ్ళ కోసం మూడో రోజు వండి పెట్టింది పిట్ట ముట్టకపోతే వాళ్ళకేదో కోరిక మిగిలిపోయిందని కదా మనం బాధపడతాం. భద్రమ్మకు అసలు పెట్టేవాళ్ళే లేరు. కళ్ళు పోయినందుకు కాదు, ఆమె దిగులంతా ఇదే.

ఇది కళ్ళ కోసం పెట్టిన క్యాంపని నెమ్మదిగా చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది.

"కండ్లెందుకు నాయినా? ఎవల్ని చూడాలె?" అని వెనక్కి తిరిగింది.

అట్లాంటి మాట వింటే నాకు కోపమే వస్తుంది, ఏం చేయను! "ఆగు!" అని అరిచాను. "పిట్టకు నేను పెడ్త. ఈ కుర్చీ ఉన్నా పోయినా నేనే పెడ్త. నువ్వు మాత్రం ముందు కండ్లు చూపిచ్చుకో."

"చేతిల చెయ్యి ఎయ్యి" అంది. వేశాను. అప్పుడు కూర్చుంది.

మొండయ్య మళ్ళీ డప్పెత్తుకుని ఉరికాడు. ఈసారి "కండ్ల డాక్టర్లచ్చిండ్లు" అని తప్ప ఇంకో మాట అనొద్దని ఒట్టు వేయించుకున్నాను. మధ్యాహ్నానికి బల్లలు నిండాయి.

ఆపరేషన్ అయ్యాక భద్రమ్మకు కట్టు విప్పే రోజు నా భార్య వరలక్ష్మి కూడా వచ్చింది. దళసరి కళ్ళద్దాలు పెట్టగానే ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? గొంతు విని పడుసోడనుకున్న. తలకాయంత నెరిసిపాయె! నాకన్న ముందు నువ్వే పోతె పిట్టకెవలు పెడ్తరు?"

డాక్టర్లు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వరలక్ష్మి ఆమె పక్కన కూర్చుని, "నేను పెడ్త అవ్వా. నీకేం ఇష్టమో చెప్పు. ఇష్టమైంది పెట్టకపోతె పిట్ట ముట్టదు గద" అంది.

భద్రమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి ఎగదోసుకుంది.

"ఏమో బిడ్డా. ఎవలడిగిండ్లు? ఉన్నది తిన్న."

వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బయటికెళ్ళి మొండయ్యను ఊరికే ఇంకోసారి తిట్టాను.

ఆనాటి నుంచి భద్రమ్మ ప్రతి శుక్రవారం మా ఇంటికి వస్తోంది. మొదటి వారం పచ్చిపులుసు, ముద్దపప్పు. ఆ తర్వాత సకినాలు, తర్వాత బెల్లం పరమాన్నం. విస్తరి శుభ్రంగా ఊడ్చి తిని, కాసేపు ఆలోచించి, "మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇది గాదు" అంటుంది. పాపం, వరలక్ష్మికి దిగులు పట్టుకుంది. "రేపు చాపల పులుసంటే ఏం చేద్దామండీ? మనింట్ల కోడిగుడ్డు గూడ గడప దాటదాయె!" అని నన్ను పీకుతోంది.

మొన్న ముసలమ్మను బస్తీ దాకా దిగబెడుతూ అడిగేశాను. "నిజం చెప్పవ్వా. ఇన్ని తింటివి, ఒక్కటి గూడ నచ్చలేదా?"

ఆమె నిలబడిపోయి, అటూ ఇటూ చూసింది.

"మొదటి నాడే తెలిసింది నాయినా. గా పచ్చిపులుసే. చెప్తె బిడ్డ అడుగుడు బంద్ చేస్తదని చెప్పలే."

వరలక్ష్మి ఈ బోర్డుల దగ్గరికి రాదు. చదివినవాళ్ళెవరూ ఆమెకు ఈ మాట చేరవేయకండి. ఈ శుక్రవారం బొబ్బెర గారెలు చేస్తోంది.