బండి నివియాది, ఇంజను ఉబాల్దోది

సాంతియాగోలో పాత బండి ఉన్న ప్రతివాడికీ ఏడాదికోసారి జ్వరం వస్తుంది. దాని పేరు పొగ పరీక్ష. నివియాకి ఈ ఏడు ఆ జ్వరం మూడోసారి తిరగబెట్టింది. మొదటి రెండుసార్లూ ఆమె 1951 నాటి ప్లిమత్ టాక్సీ నల్లపొగ కక్కి తప్పింది. మూడో గడువు ఇవాళే.

పరీక్ష తప్పడమంటే మిగతావాళ్లకి బండి కొన్నాళ్లు మూలనపడటం. నివియాకి అలా కాదు. విడాకులప్పుడు జడ్జిగారు బండిని ఆమెకిచ్చారు. అందులో ఉన్న ట్రాక్టరు ఇంజను మాత్రం దాన్ని తన చేతులతో కూర్చిన మాజీ మొగుడు ఉబాల్దో పేరునే ఉండిపోయింది. ఆ జడ్జిగారు జన్మలో బానెట్ ఎత్తి చూసి ఉండరు. ఆరేళ్లుగా బండి ఒకరిదీ, లోపలి ప్రాణం ఇంకొకరిదీ. పోయిన నెల ఉబాల్దో తెగేసి చెప్పాడు.

"ఈసారి పాసైతే ఇంజను నీ పేరున సంతకం పెట్టేస్తా. తప్పిందా, శనివారం విప్పుకుపోతా. చేపల పడవవాడు రోజూ వచ్చి అడుగుతున్నాడు."

సరేనంది. అనక ఏం చేస్తుంది? ఇంజను లేని ప్లిమత్ కోళ్లగూటికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ టాక్సీ తప్ప ఆమెకి వేరే బతుకు తెలియదు. పైగా ఆ ఇంజను తిక్క తెలిసినవాడు ఊరంతటికీ ఉబాల్దో ఒక్కడే. అందుకే ఇవాళ పక్క సీట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని అతనే కూర్చున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు నివియాకి పొద్దుటినుంచీ అనిపిస్తూనే ఉంది.

పరీక్ష జరిగే ఆవరణ నిట్టనిలువు వీధి చివర, మెరకమీద ఉంటుంది. అంత ఎత్తు ఎక్కాలంటే ఇంజనుకి డీజిలు దండిగా పోయాలి. దండిగా పోస్తే నల్లపొగ వస్తుంది. అందుకని డ్రైవర్లంతా బండిని పైదాకా ఎక్కించి, గేటు పక్క గోడవారన ఆపి, డీజిలు పంపుకున్న చిన్న స్క్రూని ఒక చుట్టు వెనక్కి తిప్పుతారు. డీజిలు తగ్గి కడుపు మాడిన ఇంజను ఉపవాసమున్న మనిషిలా పద్ధతిగా ఊపిరి తీస్తుంది. పరీక్షాధికారి సెనోబియోకి ఈ సంగతి తెలియక కాదు. బానెట్లు మూసేదాకా అటు తిరిగి కాఫీ తాగుతాడు.

"ఎన్ని చుట్లు తిప్పావ్?" అని అడిగింది నివియా, ఉబాల్దో బానెట్ మూయగానే.

"ఒకటిన్నర."

"ఒకటే కదా అనుకున్నాం!"

"ఒకటైతే పొగొచ్చుద్ది. పోయినసారి చూళ్లేదా?"

"ఒకటిన్నరైతే పైన ఈగ వాలినా ఆగిపోద్ది!"

"లోపలంతా చదునే కదే. ఎక్కేదేముంది?"

ఆ మాట నోట్లో ఉండగానే ఆవరణలో ఫ్యాను ఆగింది. పొగ కొలిచే మిషను దీపం ఆరింది. వరసలో ఉన్న డ్రైవర్లంతా ఒక్కసారే ఉసూరుమన్నారు. కరెంటు పోవడం ఈ ఊళ్లో వింతేమీ కాదు.

సెనోబియో బయటికొచ్చాడు. "సాయంత్రందాకా రాదంట. మిగతావాళ్లు రేపు రండి. నీ గడువు ఇవాళ్టితో సరి కదమ్మా నివియా? నీది కంటితో చూసేస్తాలే. కింద రొట్టెల కొట్టుదాకా పోయి, తిప్పుకుని పైకి రా. నేను గేటు దగ్గర నిలబడి పొగ చూస్తా."

"ఇక్కడే నిలబెట్టి తొక్కుతాను, చూడండి సార్."

"నిలబెట్టి తొక్కితే ఎవడి బండైనా పెద్దమనిషే. ఎత్తెక్కేటప్పుడు కదా బయటపడేది. ఇంకో మాట. మిషనుకి కరెంటు లేదు గానీ నా కళ్లకుంది. దార్లో బానెట్ లేచిందా, నీ కాగితం అక్కడే చింపుతా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్క్రూ ఇలాగే ఉంటే బండి ఎక్కదు. తిప్పితే పొగ, పైగా పైనుంచి సెనోబియో చూపు. బండి వీధి వాలు దిగుతున్నంతసేపూ నివియా అద్దానికి వేలాడుతున్న, తను మొక్కుకునే కోబ్రే మాత పతకాన్నే మాటిమాటికీ చూసుకుంది.

"నువ్వు కావాలనే చేశావ్," అంది రొట్టెల కొట్టు దగ్గర బండి తిప్పుకుంటూ.

"కరెంటు పోద్దని నాకు కలొచ్చిందా?"

"నీకేం, తప్పితే నీకే లాభం."

ఉబాల్దో కిటికీలోంచి తల బయటపెట్టి ఎత్తు చూశాడు.

మొదటి గేరులో పది గజాలు ఎక్కింది. పొగ లేదు, నిజమే, కానీ ఊపిరీ లేదు. బండి గజగజ వణికి చచ్చేలా అయ్యేసరికి క్లచ్చి నొక్కి, బ్రేకు మీదే జారుతూ మళ్లీ కొట్టు దగ్గరికి వచ్చేసింది. శనివారం ఇంటిముందు గొలుసుకి వేలాడే ఇంజను ఆమె కళ్లముందు కనిపించింది.

అప్పుడు ఆమె చెయ్యి గేరు కడ్డీ మీద ఆగింది. గేరుబాక్సు ప్లిమత్‌ది కాదు, ఏదో పాత జీపుది. దాని రివర్సు మొదటి గేరు కంటే మొండిది, నెమ్మదే గానీ ఎంత బరువైనా లాగుతుంది.

"దిగు," అంది.

"ఏంటి?"

"దిగమన్నాను. నువ్వు తిన్న పందిమాంసం రొట్టె కూడా నా బండే మొయ్యాలా?"

ఉబాల్దో దిగాడు. నివియా బండి వెనకభాగం ఎత్తువైపుకి వచ్చేలా తిప్పి, మెడ వెనక్కి తిప్పి, రివర్సు వేసింది.

ప్లిమత్ వీపుతో కొండెక్కడం మొదలుపెట్టింది. నడిచే మనిషికంటే నెమ్మదిగా, మూలుగుతూ. గుమ్మాల్లోంచి జనం ఈలలు వేశారు. "ఏమే నివియా, మూతి ఎటుందో మర్చిపోయావా?" అని అరిచింది ఒకావిడ. నివియాకి ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ తలకెక్కలేదు. పొగ గొట్టం వైపే చూస్తోంది. శుభ్రంగా ఉంది. ఇంకా శుభ్రంగానే ఉంది.

మెడ పట్టేసి ఒక్క క్షణం ముందుకి తిరిగింది. ముందద్దంలో ఉబాల్దో కనిపించాడు. రెండు చేతులా పెద్ద రాయి పట్టుకుని, సగం వంగి, రొప్పుతూ, ముందు చక్రాన్ని అంటిపెట్టుకుని వస్తున్నాడు. ఇంజను ఆగిందంటే బండి దొర్లేది అతని మీదికే. పరీక్ష తప్పాలని కోరుకునేవాడు అక్కడ నడవడు. ఆ సంగతి ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది, సిగ్గూ వేసింది. కానీ సిగ్గుపడే తీరిక లేదు.

గేటు ఇరవై గజాల్లో ఉండగా ఇంజను తడబడింది. "పెట్టు!" అని అరిచింది. రాయి అప్పటికే చక్రం కింద ఉంది. బండి దానికి ఆనుకుని నిలబడింది. నివియా ఇంజనుని ఊపిరి పీల్చుకోనిచ్చి, అంగుళం అంగుళం క్లచ్చి వదిలింది. ప్లిమత్ కదిలింది.

గేటు దగ్గరికి ముందుగా చేరింది పొగ గొట్టమే. సెనోబియో వంగి, ముక్కు దగ్గరగా పెట్టి, తెల్ల కాగితం అడ్డం పట్టి చూశాడు.

"వెనక్కి ఎక్కమని నేను చెప్పలేదే," అన్నాడు.

"ముందుకి ఎక్కమనీ చెప్పలేదు సార్."

సెనోబియో ఫారం పైనుంచి కిందికి చదివాడు. "అవున్లే. ఏ వైపు తిరిగి ఎక్కిందో రాసుకోడానికి ఇందులో గడి కూడా లేదు." ముద్ర వేశాడు. "ఇందులో ఇంజను వేరే పేరునుంది, యజమాని ఎవరు? పేరు మార్చుకోవాలంటే ఇక్కడే రాసుకోవచ్చు."

ఉబాల్దో వచ్చి సంతకం పెట్టాడు. రాయి మోసిన చెయ్యి గడగడలాడుతోంది. సెనోబియో ఆ సంతకాన్ని గుర్తింపు కార్డు పక్కన పెట్టి చూశాడు. "ఇది సంతకమా, భూకంపమా? కార్డుకి కలవట్లేదయ్యా. ఇంకో కాగితం ఇస్తా, చెయ్యి కుదురుకున్నాక పెట్టు. కరెంటొచ్చేదాకా నేనెక్కడికి పోతాను?"

ఇద్దరూ బంపరు మీద కూర్చున్నారు. నివియా ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చింది. సగం అతని ప్యాంటు మీదే ఒలికింది.

"ఒకటిన్నర ఎందుకు తిప్పావ్?" అని అడిగింది, ఈసారి మెల్లగా.

"ఒకటే తిప్పుంటే మళ్లీ నల్లగా కక్కేది. శనివారం విప్పాల్సొచ్చేది." ఉబాల్దో మూతలో మిగిలిన కాఫీని చూస్తూ అన్నాడు. "అన్నాను గానీ, నాకు విప్పబుద్ధి కాలేదే."

సముద్రం వైపునుంచి గాలి లేచింది. ఎగిరిపోతున్న కాగితాన్ని నివియా అతని మోకాలి మీద రెండు చేతులా అదిమి పట్టుకుంది. నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ, ఉబాల్దో తన ఇంజనుని ఆమెకి రాసిచ్చాడు.