దిష్టికి భయపడి అన్న మాట

కరీంనగర్‌లో, తమ వకీలు గదిలో, తెర మీద తన ముఖమే కనిపించేసరికి భూమవ్వకు ఒళ్ళు మండిపోయింది.

తెర మీది వీడియోలో ఆమె నవ్వుతోంది. "అండ్ల ఏమున్నది బిడ్డా? గది ఎవలైన చేస్తరు!" అంటోంది.

"విన్నారు కదండీ," అన్నాడు పేటెంట్ ఇవ్వొద్దంటున్న చెదల మందు కంపెనీ వకీలు అదే తెర మీంచి, విచారణ చేస్తున్న పేటెంట్ అధికారితో. "సొంత తల్లే అంటోంది. ఎవరికైనా తట్టే పనికి పేటెంట్ ఎందుకు?"

ఆ పని ఆమె కొడుకు కరుణాకర్‌ది. తమ ఊరు చొప్పదండిలో చెదలు పట్టని దర్వాజ లేదు. మందు కొడితే ఇక్కడ మాయమై అక్కడ తేలేవి. కరుణాకర్ చిల్లుల పైపులో గింజలొలిచిన మక్క బెండ్లు నింపి నేలలో పాతాడు. మూతలోంచి ఒక పత్తి కట్టె నిలబెట్టాడు. చెదలు కట్టె మొదలు తినేస్తే అది వాలిపోతుంది. అప్పుడే మూత తీసి మందు ఎర పెట్టాలి. ఊరికే తీసి చూస్తే బెదిరి పారిపోతాయి. ఆ కట్టె కిటుకు దొరికేదాకా కొడుకు ఎన్ని వానకాలాలు మట్టిలో పొర్లాడో ఆమెకు తెలుసు.

వీడియో తీసింది దేవదాస్. ఆదిలాబాద్ పత్తి రైతునని చెప్పి ఇంటికొచ్చాడు. కంపెనీ మనిషని ఎవరికి తెలుసు? భూమవ్వ సర్వపిండి చేసి పెట్టింది. తింటూ, "నీ కొడుకంత తెలివి జిల్లాల ఎవలికి లేదవ్వా" అని పొగిడాడు. కన్నకొడుకును ఎదుటే పొగుడుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? దిష్టి తగులుతుందని మాట తగ్గించింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవ, దాన్నే సాక్ష్యం చేశాడు.

"పోనీ తియ్యే అవ్వా," అన్నాడు పక్కనే కూర్చున్న కరుణాకర్ తల వంచుకుని. ఆ వంచిన తల చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తమ వకీలు వద్దంటున్నా లేచింది.

"ఓ దేవదాసూ! నా ఇంట్ల తిని నా మాటనే నా కొడుకు మెడకు చుడుతవా? దిష్టికి భయపడి అన్న. మీ అవ్వ అనదా? ఎవలైన చేసేదైతే గంత పెద్ద కంపెనీ, మీకెందుకు చాతకాలే? నా వాకిట్ల ఫోన్ వట్టుకొని ఎందుకు తిరిగినవ్?"

తెర మీద కంపెనీ వకీలు పక్కనే కూర్చున్న దేవదాస్ ముఖం తిప్పుకున్నాడు.

"కూర్చోండమ్మా. తీర్పు తర్వాత చెప్తాం," అన్నాడు అధికారి.

ఆమె కూర్చోలేదు. "గిది గూడ రాసుకో సారూ. నా కొడుకుకు తప్ప ఎవ్వనికి రాలే గీ పని. గసొంటి తెలివి ఎవ్వనికి లేదు!"

పుట్టినప్పటి నుంచి కొడుకును ఒక్క మాట పొగిడి ఎరగదు.

ఇంటికి రాగానే కరుణాకర్‌ను వాకిట్లో నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది.

"ఎవల దిష్టి అత్తమ్మా?" అంది కోడలు జమున.

"నాదే," అంది భూమవ్వ.