కెజయా అవ్వ దగ్గర దాచినవి

మొగుడు ఐజాక్ చేపల వేటకెళ్ళే రోజుల్లో తెల్లారకముందే థర్జా గడప ముందు పీటేసుకుని కూర్చునేది. ఆల్చిప్పలు విప్పి, లోపలి కండ గీకి, పొడుగాటి తాడుకున్న గాలాలకి ఎరగా ఒక్కొక్కటే గుచ్చాలి. యార్క్‌షైర్ ఒడ్డున ఏ రేవులో చూసినా ఇది పెళ్ళాల పనే. వేళ్ళు తెగుతాయి, తెగినచోట ఉప్పు భగ్గున మండుతుంది. ఆ మంట ఆమెకి లెక్కలేదు. మధ్యమధ్య చెయ్యాపి, లోపల మొగుడి గురక వినబడుతోందా లేదా అని చెవి ఒగ్గేది. వినబడితేనే మళ్ళీ పని మొదలెట్టేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రెండు చలికాలాల కింద రేవు ముఖద్వారం దగ్గరే ఐజాక్ పడవ బోల్తా కొట్టింది. ఒడ్డుకు లాగేసరికి మనిషి నీలంగా అయిపోయాడు. ఇక పోయాడనుకుని అందరూ టోపీలు తీసేశారు. అప్పుడు కెజయా అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి, అతని పెదవుల దగ్గర దోసిలి పట్టి, ఆ ఆఖరి ఊపిరిని పట్టుకుపోయి తన అల్మారాలో రాతి జాడీలో పెట్టింది. సాయంత్రానికల్లా ఐజాక్ లేచి కూర్చుని టీ అడిగాడు. అవ్వ దాచిందటగా, ఇంకేం ఫరవాలేదు అనుకుంటూ ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు.

ఇక్కడివాళ్ళ భాషలో 'కీప్' అని ఒక చిన్న మాట ఉంది. మనకైతే దాచడం వేరు, పెంచడం వేరు, కాపలా కాయడం వేరు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వేరు. వీళ్ళకి అన్నిటికీ అదొక్కటే. రొట్టె పాడవకుండా నిలిచినా అదే, కోళ్ళని సాకినా అదే, గుట్టు బయటపెట్టకపోయినా అదే, ఆదివారంనాడు పని మానేసి చర్చికెళ్ళినా అదే. ఇంత పని ఒక్క మాట నెత్తిన వేయడం ఏం న్యాయమో నాకు తెలియదు గానీ, ఈ రేవులో మాత్రం ఆ పనులన్నీ ఒక్క కెజయా అవ్వ చేతిమీదే నడిచేవి. ఊరికి వెళ్ళేవాళ్ళు కోళ్ళని ఆమెకే అప్పజెప్పేవారు. డోర్కస్ తన పెళ్ళినాటి రొట్టె ముక్కని అక్కడే పెట్టింది, పన్నెండేళ్ళైనా మెత్తగానే ఉంది. తాగనని ఒట్టేసిన ఈనక్ ముసలాడు ఆ ఒట్టు కూడా ఆమె దగ్గరే పెట్టాడు, తన దగ్గరుంటే రెండు రోజులు నిలవదని.

ఐజాక్ దీన్నంతా వేళాకోళం చేసేవాడు. "ఊపిరి అవ్వ అల్మారాలో ఉంటే గురక ఇక్కడికెలా వస్తోందే?" అని నవ్వేవాడు. థర్జాకి నవ్వొచ్చేది కాదు.

ఆ మార్చిలో అవ్వ మంచం పట్టింది. ఇక లేవదని తేలగానే జనం ఎవరివి వాళ్ళు తెచ్చేసుకోవడానికి ఎగబడ్డారు. ముసలావిడ పోతే ఆవిడతోపాటే పోతాయేమోనని ఒకటే కంగారు. ఈనక్ తన ఒట్టు తీసుకుని నేరుగా సారాయి దుకాణానికే పోయాడు, అతనికి మించిన సంబరం ఇంకెవరికీ లేదు. డోర్కస్ రొట్టె ముక్కని పమిటలాంటి శాలువాలో చుట్టుకుని బయటికొచ్చింది. వీధిలో థర్జా కనబడితే చూపిద్దామని మడత విప్పింది. ఇద్దరూ చూస్తుండగానే ఆ ముక్క ఆకుపచ్చగా బూజెక్కి, నల్లబడి, పొడై గాలికి ఎగిరిపోయింది. పన్నెండేళ్ళూ ఒక్కసారిగా మీద పడ్డాయి దానికి.

డోర్కస్ అయ్యో అనుకుంటూ ఇంటికి పోయింది. థర్జా మాత్రం ఆ పొడి ఎగిరినవైపే చూసింది. రొట్టెకే ఇలా అయితే, సముద్రం మింగిన మనిషి ఊపిరికి ఏమవుతుంది? జాడీ విప్పిన మరుక్షణం ఆ పాత నీళ్ళన్నీ అతని గుండెల్లోకి వచ్చేయవూ? విప్పకపోయినా, అవ్వ పోతే అంతేగా? ఆమె ఏడవను కూడా లేదు. చెమటలు పట్టిన చేతులు పావడాకి తుడుచుకుంటూ అవ్వ ఇంటికి పరుగెత్తింది.

అవ్వ కళ్ళు తెరిచే ఉంది. గదంతా బోసిపోయింది. అల్మారాలో రాతి జాడీ ఒక్కటే మిగిలింది.

"నాకివ్వు అవ్వా. నేను దాస్తాను," అంది థర్జా.

"అది నీకు పనికిరాదే పిల్లా. దాచేవాళ్ళ చేతిలో పరాయివాళ్ళదే నిలుస్తుంది. సొంతది నిలవదు."

అవ్వ ఆగి ఆగి మిగతాదీ చెప్పింది. ఈ పని చేపట్టిన రోజున అవ్వకి తోడబుట్టిన అక్క ఉండేది, జ్వరంతో చావు అంచుదాకా వెళ్ళింది. ఆమె ప్రాణం దాచడానికే అవ్వ చెయ్యి చాచింది. అక్క బతికింది. అవ్వ ఎవరో ఆమెకి ఆ రోజునుంచీ తెలియదు. ఊళ్ళోవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా మర్యాదగా తలాడించి, ఇల్లు చేరేలోగా మరిచిపోయేది. "చర్చిలో కనబడితే పలకరించేది. మంచి మనిషి," అంది అవ్వ.

థర్జా వీధిలోకి వచ్చి మొదట డోర్కస్ తలుపు తట్టింది. అవ్వ చెప్పిందంతా చెప్పి, ఐజాక్ జాడీ దాచిపెడతావా అని అడిగింది. డోర్కస్ వెనక్కి తిరిగి, పొయ్యి దగ్గర ఆడుకుంటున్న పిల్లల్ని చూసి, తల అడ్డంగా ఊపుతూ ఏడ్చింది. ఐజాక్‌ని పట్టుకుంటే తన వాళ్ళని వదలాలేమోనని ఆమె భయం. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. ఒక ఇంట్లో మొగుడే తలుపు వేసేశాడు. థర్జాకి వాళ్ళమీద కోపం రాలేదు. వాళ్ళ చోట తనుంటే ఇంకా గట్టిగా గడియ పెట్టుకునేది.

నాలుగో గుమ్మం ఎక్కబోతుంటే రేవులోంచి కేకలు వినబడ్డాయి. పడవ లాగుతూ లాగుతూ ఐజాక్ ఇసకలో కూలబడిపోయాడట. దగ్గుతుంటే నోట్లోంచి ఉప్పునీళ్ళు వస్తున్నాయట. అతని దగ్గరికి పోవాలని ఆమె ఒళ్ళంతా కొట్టుకుంది. ఒక్కసారి చూసి వస్తే ఏం పోతుంది అనుకుంది. చూస్తే మళ్ళీ వదలలేనని తెలుసు. అందుకే వెనక్కి తిరిగి అవ్వ ఇంటి వైపే పరుగెత్తింది.

అవ్వకి అప్పటికే మాట పడిపోయింది. గొంతులో గరగర వినబడుతోంది. థర్జా జాడీ దించి మంచం మీద అవ్వ చేతి కింద పెట్టింది. తన రెండు చేతులూ దానికి ఆనించింది.

"అతను నావాడు కాడు," అంది గట్టిగా. రెండోసారి అనాలని లేదు. అయినా అంది.

అవ్వ చెయ్యి జాడీమీంచి జారి పక్కమీద పడింది. థర్జా చేతుల కింద ఆ రాయి గోరువెచ్చగా, మెల్లగా, ఎగిసి దిగడం మొదలెట్టింది. ఎగిసింది, దిగింది. చాలాసేపు ఆమె దాన్ని అలా పట్టుకునే కూర్చుంది, ఎక్కడ ఆగిపోతుందోనని.

దీపాలు పెట్టేవేళకి శాలువా కోసం ఇంటికి వెళ్ళింది. శాలువా కోసమే అని తనకి తాను చెప్పుకుంది. కిటికీలోంచి ఐజాక్ కనిపించాడు. పొడిబట్టలు కట్టుకుని, పొగబెట్టిన హెర్రింగ్ చేపల్ని పెనం మీద తిప్పుతున్నాడు. మొహంలో రంగు ఉంది. థర్జా కిటికీకి ఇంకా దగ్గరగా జరిగి చూసింది. ఏమో, అవ్వ విషయంలో జరిగింది తన విషయంలో జరగదేమో, అవ్వ ముసలితనంలో ఏదో పొరబడిందేమో. అంత ఆశ పెట్టుకుని తలుపు తట్టింది.

ఐజాక్ తలుపు తీసి, ఆమెని చూడగానే నెత్తిమీద టోపీ తీశాడు.

"రండమ్మా. అవ్వ తర్వాత మీరేనటగా. నా జాడీ కూడా మీ దగ్గరే ఉందని చెప్పారు."

ఉందని తలూపింది.

అతను బల్ల వైపు తిరిగి తల గోక్కున్నాడు. బల్లమీద రెండు పళ్ళేలు, రెండు కప్పులు ఉన్నాయి. "చూడండి, ఒంటిగాణ్ణి, రెండెందుకు పెట్టానో నాకే తెలియడం లేదు," అని సిగ్గుపడుతూ నవ్వాడు. "ఎలాగూ వచ్చారు కాబట్టి తిని వెళ్ళండి."

ఆమె తన కుర్చీలో కూర్చుంది. అతను ముల్లు తీసి పెద్ద ముక్క ఆమె పళ్ళెంలో వేశాడు. అతను తిన్నంతసేపూ, మాట్లాడినంతసేపూ, ఊపిరి తీసుకున్నంతసేపూ ఆమె చూస్తూనే ఉంది. ముక్క ఒక్కటి కూడా వదలకుండా తింది. పళ్ళెం కడగబోతే, పరాయివాళ్ళ చేత కడిగిస్తామా అని చేతిలోంచి తీసేసుకున్నాడు.

తలుపు దాకా వచ్చి సాగనంపాడు. మెట్టు దగ్గర రాయి కదులుతుంది, చీకట్లో జాగ్రత్తమ్మా అని చెప్పి, ఆమె మలుపు తిరిగేదాకా దీపం పట్టుకుని నిలబడ్డాడు.