ఇర్మా ఊదిన గొట్టం

నా రైఫిల్ గొట్టంలోకి ఊదే పని నా భార్యది. మొదట్లో నేనే ఊదుకునేవాణ్ణి. తర్వాత మట్టి మిల్లులో పనికి చేరాను. బస్తాల్లో పోసే ఆ మెత్తటి మట్టి బస్తాల్లోకి ఎంత పోయిందో నా ఊపిరితిత్తుల్లోకీ అంత పోయింది. వరండా మెట్లెక్కితే ఆగి నిలబడాలి. ఇక తుపాకీలోకి ఊదడమేమిటి?

నల్ల తుపాకిమందు కాలితే సగం పొగై పోతుంది, సగం మసై గొట్టంలో అంటుకుంటుంది. మసి మెత్తగా ఉన్నంతసేపు సీసం గుండు తిన్నగా పోతుంది. ఎండి గట్టిపడిందా, దాని దారి దానిదే. అందుకని ప్రతి గుండు కాల్చాక వెనకనుంచి ఒక ఖాళీ తూటా పెట్టి, దానికి బిగించిన రబ్బరు గొట్టంలోంచి నాలుగైదుసార్లు ఊదాలి. ఊపిరిలోని తడి మసిని మెత్తబరుస్తుంది. మా తూర్పు మోంటానాలో ఆగస్టు గాలికి నోట్లో నాలుకే ఎండిపోతుంది. మసి ఏపాటి?

ఇర్మా మడతకుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చునేది. బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ. నేను కాల్చగానే వంగి ఊదేది. వెనక టెలిస్కోపు పట్టుకుని గుండు ఎక్కడ తగిలిందో చెప్పేది దాని తమ్ముడు ఆర్వల్. అలా ముగ్గురం ఏటా ఆగస్టులో తుపాకీ క్లబ్బు పోటీకి వెళ్ళేవాళ్ళం. ఏటా క్లైడ్ రస్ముసెన్ గెలిచేవాడు. నేను రెండోవాణ్ణి.

ఫిబ్రవరిలో ఇర్మా పోయింది. జబ్బు తెలిశాక ఎక్కువ రోజులు పట్టలేదు. పాస్టరు వచ్చి, ఆవిడ ఇప్పుడు మంచిచోట ఉంది అన్నాడు. ఇక్కడ ఏం తక్కువైందో చెప్పలేదు.

వచ్చే ఏడు నుంచి ఆక్సిజన్ సిలిండరు తగిలించుకుని తిరగాలని డాక్టరు చెప్పాడు. అది పక్కన పెట్టుకున్నవాణ్ణి తుపాకిమందు దగ్గరికి ఎవరూ రానివ్వరు. అంటే ఇదే నా చివరి వేసవి. క్లైడ్‌ని ఒక్కసారి ఓడించాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

మేలో షెడ్డు తెరిచాను. పాత మోతాదుతోనే తూటాలు కట్టి పొలంలో అట్టమీద కాల్చాను. నేనే ఊదుకున్నాను. నాలుగు గుండ్లు బాగానే తగిలాయి. ఐదోది పైకి పోయింది. ఆరోది అట్టకే తగల్లేదు. గొట్టంలో మసి పెంకులా గట్టిపడింది. నా ఊపిరి చాల్లేదు.

గుండుకి పూసే ముద్ద మార్చాను. తేనెమైనం తగ్గించి గొర్రెకొవ్వు పెంచాను. లాభం లేదు. సీసంలో తగరం పాలు మార్చాను. ముతక మందు తెచ్చాను. జూన్ అంతా అదే పని. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలీదు. ఆ ఓపిక నాకుంది. మనుషుల దగ్గరే లేదు.

ఒకరోజు ఆర్వల్ వచ్చి కంచెమీద చేతులు వేసి నిలబడ్డాడు.

"బావా, చచ్చే గొర్రెలా ఊదుతున్నావు."

"నీ పని చూసుకో."

"తడిగుడ్డ తోసి తుడుచుకోవచ్చుగా! గుండుకోసారి తుడిస్తే చాలు. ఊదడమే అక్కర్లేదు. క్లైడ్ అదేగా చేసేది."

"క్లైడ్ చేస్తే నేనూ చెయ్యాలా?"

"వాడు గెలుస్తాడు. నువ్వు గెలవవు. నీ ఇష్టం మరి."

తుడవడం నాకు గిట్టదు. అది బద్ధకస్తుల పని అనుకునేవాణ్ణి. పైగా పోటీలో టైము చాలదు. కానీ జూలై వచ్చేసింది. ఊపిరి మాత్రం కొత్తది రాదు. నీళ్ళలో కాస్త నూనె కలిపి గుడ్డముక్కలు తడిపి పెట్టుకున్నాను.

తుడిచిన గొట్టానికి పాత మోతాదు పనికిరాలేదు. మళ్ళీ మొదటికొచ్చాను. మూడడుగుల ఇత్తడి గొట్టంలోంచి ఖాళీ తూటాలోకి మందు మెల్లగా జారవిడిస్తే గింజలు సర్దుకుని కూర్చుంటాయి. పైన అట్టబిళ్ళ వేసి, మరలో పెట్టి అదిమి, ఆపైన గుండు కూర్చాలి. మందుకీ గుండుకీ నడుమ గాలి మిగిలితే తుపాకీ గొట్టమే ఉబ్బిపోతుంది. ఒక్కో గ్రెయిను, అంటే గోధుమగింజంత బరువు, మందు పెంచుకుంటూ పోయాను. రెండో గ్రెయిను దగ్గర గుండ్లు దగ్గరపడ్డాయి. మూడో దానికి మళ్ళీ చెదిరాయి. వెనక్కొచ్చి, మందుని ఇంకాస్త గట్టిగా అదిమాను.

ఆరోజు పది కాల్చాను. వెనక ఆర్వల్ టెలిస్కోపు పట్టాడు. పదోది కాల్చాక ఈలవేశాడు.

"కాఫీ కప్పు బోర్లిస్తే పదీ దానికింద దాక్కుంటాయి, బావా!"

అట్టదాకా నడిచాం. దారిలో రెండుసార్లు ఆగాను. వాడు చెప్పింది నిజమే. వేలుపెట్టి తడిమి చూశాను.

"ఇదే రైఫిలు, ఇదే మందు," అన్నాను. "ఇన్నేళ్ళూ ఇలా ఎందుకు తగల్లేదు?"

వాడు టోపీ తీసి లోపలికి చూశాడు.

"అడుగుతున్నాను నిన్నే."

"ఊపిరి, బావా. అక్క ఒకసారి మూడు ఊదేది, ఒకసారి ఆరు ఊదేది. ఎవరైనా పలకరిస్తే అసలు మర్చిపోయేది. ఒకసారి గొట్టం తడిసి ముద్దయ్యేది, ఒకసారి ఎండిపోయేది. గుండ్లు ఒకచోట ఎలా పడతాయి? నువ్వేమో కళ్ళద్దాలు మార్చావు, సీసం మార్చావు..."

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. మొహాన చెప్పే ధైర్యం ఎవడికుంది?"

"ఇర్మాకి?"

వాడు టోపీ పెట్టుకున్నాడు. "అక్కకీ తెలుసు. తుడిస్తే మేలేనా అని నన్నే అడిగింది. మేలే అన్నాను. అయితే మీ బావకి చెప్పకురా అంది."

"ఎందుకట?"

"తుడుచుకుంటే ఇక నన్నెందుకు తీసుకెళ్తాడు, అంది."

ఆవిడ నన్నే అడగొచ్చుగా. నోరుంది, ఒకే ఇల్లు, ఒకే మంచం. నేనేమంటానో తనకి ముందే తెలుసనుకుంది. అడగకుండా తెలుసుకునే హక్కు పెళ్ళానికైనా లేదు. ఏటేటా నేను ఓడి ఇంటికొస్తుంటే పక్కసీట్లో కూర్చుని, పోనీలే, వచ్చే ఏడు చూద్దాం అనేది. పిప్పరమెంటు చేతికిచ్చేది.

"పోయినదాన్ని ఏం చెయ్యలేను," అన్నాను. "నువ్వున్నావుగా. ఇక నాతో ఒక్క ముక్క మాట్లాడకు."

"బావా, అది కాదు..."

"ఒక్క ముక్క కూడా."

"ఆగస్టులో నీ వెనక టెలిస్కోపు పట్టేదెవరు?"

"పో!"

పోయాడు. ఆదివారం వాడి భార్య యాపిల్ పై పంపింది. మూత తియ్యకుండా తిప్పి పంపాను.

పోటీరోజు గాలి తక్కువగానే ఉంది. పోటీ నడిపే మార్జ్ నా వెనక చూసింది.

"మిలో, టెలిస్కోపు దగ్గర ఎవరూ లేరేంటి?"

"అక్కర్లేదు."

"నేనెవర్నైనా కూర్చోబెట్టనా? ఆర్వల్ అదిగో..."

"అక్కర్లేదన్నానుగా. మీ రూల్సులో తప్పని ఉందా?"

"తప్పని లేదులే. మొండితనం తప్పని ఏ రూల్సులోనూ ఉండదు." మార్జ్ వెళ్ళిపోయింది.

బోర్లా పడుకుని, కర్రల మీద రైఫిలు ఆనించి కాల్చాను. గురికి వరసగా నిలబెట్టిన ఇనపరేకు బొమ్మల్లో కోళ్ళు పడ్డాయి. పందులు పడ్డాయి. సీమకోళ్ళలో రెండే నిలబడ్డాయి. తుడవడానికి టైము చాలింది. తూటా తూటాకీ గొట్టం ఒకేలా ఉంది, దెబ్బ ఒకేలా తగిలింది. అలాంటి మందు ఆ మైదానంలో ఎవరి దగ్గరా లేదు. అది క్లైడ్‌కీ తెలిసింది. నా వరసలోకి వచ్చి నిలబడి చూశాడు.

చివరగా గొర్రెపొట్టేళ్ళు, అన్నిటికంటే దూరాన. క్లైడ్ తన వంతు ముగించేశాడు. వాణ్ణి దాటాలంటే పదిలో ఎనిమిది పడాలి.

మొదటి ఐదూ వరసగా పడ్డాయి. ఇనుము మోగిన చప్పుడు కాసేపటికి వచ్చి చెవుల్లో పడుతుంటే, ఇర్మా ఎక్కడుందో అక్కడికీ వినబడాలనుకున్నాను. ప్రేమకొద్దీ కాదు.

ఆరోది మోగలేదు. గాలి పూర్తిగా పడిపోయి, నా పొగ నా ముందే గోడలా నిలబడింది. గుండు ఎటు పోయిందో చూడలేకపోయాను. కుడికా? ఎడమకా? పొగ విడిపోయేసరికి ఆ చివర దుమ్ము కూడా సర్దుకుంది. ఎడమవైపు వెళ్ళి ఉంటుందా, కుడివైపా అని లెక్క వేసి, కుడికి వెళ్ళిందనుకుని గురి ఎడమకి జరిపాను. ఏడోది మోగలేదు. ఇంకాస్త జరిపాను. ఎనిమిదోదీ మోగలేదు. టైము అయిపోతోంది, ఊపిరి ఎగపోస్తోంది. తొమ్మిదోదానికి విసిగి గురి మొదటికే తెచ్చేశాను. అదీ పోయింది. చివరిదానికి కళ్ళుమూసుకుని కుడికి తిప్పాను. పొట్టేలు పడింది.

ఆరు.

క్లైడ్ వచ్చి చెయ్యి కలిపాడు. "నీ మందు నా మందు కంటే మంచిది, మిలో. ఏం కలిపావురా?"

"రెండు చచ్చిన ఊపిరితిత్తులు."

వాడు నవ్వి వెళ్ళాడు. అది జోకనుకున్నాడు.

గొట్టం శుభ్రం చేసుకుంటుంటే నామీద నీడ పడింది. ఆర్వల్.

"గాలి పడిపోయాక తప్పినవన్నీ ఎడమకే పోయాయి, బావా. మొదటిది జానెడు. నువ్వు గురి ఎడమకి జరుపుకుంటూ పోయావు, అవీ అటే పోయాయి."

"చూశావా?"

"నా పికప్ మీద కూర్చుని టెలిస్కోపులో అన్నీ చూశాను."

"అక్కణ్ణుంచి ఒక కేక వెయ్యలేకపోయావా? కుడికి అని ఒక్క ముక్క?"

"ఒక్క ముక్క కూడా వద్దన్నావుగా."

వాడి మొహంలోకి చూశాను. వెక్కిరింత ఉందేమోనని వెతికాను. లేదు. అక్క చెప్పకు అంటే చెప్పలేదు. బావ మాట్లాడకు అంటే మాట్లాడలేదు. వెక్కిరించినా బాగుండేది, కొట్టేవాణ్ణి.

రైఫిలు పెట్టె ఎత్తబోతే వాడు చెయ్యి వేశాడు. తీసేశాను. పార్కింగుకి చాలా దూరం. ఐదారుచోట్ల ఆగి, పెట్టెమీద కూర్చుని ఊపిరి పట్టుకుని, నా సామాను నేనే మోసుకున్నాను. వెనక కొంచెం దూరంలో ఆర్వల్ నడుస్తూనే ఉన్నాడు. నేను ఆగినచోటల్లా ఆగాడు.