క్వారీ గుంతలో జెల్లీఫిష్

టేకులపల్లి దగ్గరి తండాలో ఎండాకాలం వచ్చిందంటే, పొద్దున్నే గోరి చేసే మొదటి పని దండెం మీది బట్టల్లో చిక్కుకున్న జెల్లీఫిష్‌లను మెల్లగా విడదీసి గాలిలోకి వదలడం. పాత క్వారీ గుంతలో నిలిచిన నీళ్లలో అవి పుడతాయి. వెలుగు రాగానే పైకి లేచి ఇళ్ల మధ్య తేలుతూ తిరుగుతాయి. ఎండ ముదిరితే మళ్లీ గుంతలోకి దిగుతాయి. ఒక్కోటి రూపాయి బిళ్లంత ఉంటుంది.

గోరి కూతురు సోని డిగ్రీలో జువాలజీ చదివింది. ప్రాక్టికల్స్‌లో మాత్రం రెండుసార్లు తప్పింది. జెల్లీఫిష్ ఎక్కడ ఉంటుందని అడిగితే, రెండుసార్లూ "సముద్రంలో, మా క్వారీ గుంతలో" అని చెప్పింది. గుంత మాట వెనక్కి తీసుకొమ్మన్నారు. తీసుకోలేదు.

ఇది ఆఖరి చాన్స్.

"ఈసారన్నా ఒక్క సముద్రమే అని చెప్పి రా బిడ్డా," అన్నది గోరి.

"ఉన్నదాన్ని లేదని ఎట్ల చెప్పాలె యాడీ?" అని తల్లిని అడిగింది సోని. "రేపు టీచర్నయితే పిల్లలకు గూడ గట్లనే చెప్పాల్నా?"

పరీక్షకు పోయే రోజు భద్రాచలం బస్సులో ఒక జెల్లీఫిష్ ఆమె వెంటే ఎక్కింది. "కిటికీ మూయమ్మా, గాలికి కొట్టుకపోతది," అన్నాడు కండక్టర్. సోని దారి పొడుగునా దాని మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంది.

ఈసారి పరీక్ష పెట్టడానికి వచ్చింది వనజ మేడం. అదే ప్రశ్న అడిగింది. సోని అదే జవాబు చెప్పింది.

"మంచినీళ్లల్లనా? మీ పుస్తకంలో లేదే?"

"పుస్తకంల లేదు మేడం. గుంతల ఉన్నది."

జెల్లీఫిష్ ఇద్దరి మధ్యకు వచ్చి, వెలుతురులో విచ్చుకుంది. అది గాలిలో తేలుతున్నందుకు మేడం ఏమీ అనలేదు. కళ్లద్దాలు సర్దుకొని, "భాగాలు చెప్పు," అన్నది.

సోని పెన్ను మొనతో చూపించింది. "ఇది గొడుగు. నడుమ వేలాడేదాని కొసకు నోరు, పైన కడుపు. కడుపు నుంచి నాలుగు కాలువలు అంచు దాకా పోతయి. వాటికి ఆనుకొని ఈ నాలుగు బీజకోశాలు. అంచు లోపల పల్చటి పొర. ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు."

"గొడుగు రాకముందు?"

"ఆవగింజ కన్న చిన్నగ, రాళ్లకు అతుక్కొని ఉంటది. నీళ్లు వేడెక్కినంక గివి పుడతయి. తొమ్మిది గుంతలు తిరిగి చూసిన మేడం. మూడింట్ల ఉన్నయి."

వనజ మేడం మార్కుల కాగితంలో పాస్ అని రాసి పక్కకు పెట్టింది.

"టీచర్ పని తర్వాత చూసుకుందువు. ముందు ఎమ్మెస్సీల చేరు. ఈ గుంతల మీద నువ్వే రాయాలె." ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. "ఆ మూడూ ఎక్కడెక్కడున్నయో మ్యాప్ గియ్యి. పైన నీ పేరు రాయి."

సోని పేరు రాసి, టేకులపల్లి దగ్గర మొదటి చుక్క పెట్టింది.