పక్కింటికి వచ్చిన పెట్రోలు వాసన

ఐవర్ టాన్స్లీకి ముక్కు పనిచెయ్యడం మానేసిందని ఏడాదిన్నర పాటు మాలో ఎవరికీ తెలియదు. ఊరందరికీ జ్వరాలొచ్చిన ఆ చలికాలంలో అతనికీ వచ్చింది. వారం రోజులు మంచంలో ఉండి లేచాడు. లేచాక టోస్టు మీద నారింజ మార్మలేడు రాసుకుని కొరికితే అట్టముక్క నమిలినట్టుంది. కొన్నాళ్లకి అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు గానీ సర్దుకోలేదు. విడాకులయ్యాక ఒక్కడే ఉంటున్నాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ చెప్పే అవసరం పడలేదు. బయట చెప్పుకోవాలంటే నామోషీ.

ఎందుకంటే మా కావెంట్రీ పాత కార్ల సంఘంలో ఐవర్‌కున్న పేరంతా ఆ ముక్కు వల్ల వచ్చిందే.

అతని కారు డెబ్బై ఒకటో సంవత్సరం నాటిది. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ కప్పు, పొడుగాటి బానెట్, దాని కింద ఆరు సిలిండర్ల ఇంజన్. ముదురు నేరేడు రంగు. నాదీ అదే మోడలు, కాకపోతే తెల్లది. ఆ రోజుల్లో మామూలు కార్లకి కార్బురేటర్ ఉండేది, ఇంజన్ తనకి కావలసినంత పెట్రోలు తనే పీల్చుకునేది. వీటిలో అలా కాదు. డిక్కీలో ఒక కరెంటు పంపు ఉంటుంది. అది పెట్రోలుని గట్టి ఒత్తిడితో ముందుకు తోస్తుంది. ఇంజన్ పక్కనున్న ఒక ఇనప డబ్బా దాన్ని ఆరు వాటాలు వేసి, ఆరు సన్నటి నాజిళ్ల గుండా లోపలికి చిమ్ముతుంది. కంప్యూటర్ లేదు, అంతా స్ప్రింగులూ పళ్లచక్రాలే. సరిగ్గా కుదిరితే ఆ కారు నడుపుతుంటే దిగబుద్ధి కాదు. కుదరకపోతే నల్లటి పొగ కక్కుతూ ఎక్కడ పడితే అక్కడ మొరాయిస్తుంది. ఎండాకాలం పంపు వేడెక్కి మూలుగుతుంది. అప్పుడు రోడ్డు పక్కన ఆపి, దాని మీద చల్లబడడానికి గడ్డకట్టిన బఠాణీల ప్యాకెట్టు పెడతాం. కొత్తవాళ్లు నవ్వుతారు గానీ అది పనిచేస్తుంది.

పెట్రోలు పాళ్లు కుదిరాయా లేదా చెప్పడానికి ఐవర్‌ని పిలిచేవాళ్లం. ఇంజన్ ఆన్‌లో ఉండగా సైలెన్సర్ వెనకాల వంగి, చేత్తో పొగని మొహం మీదకి విసురుకుని, ఒక్కసారి పీల్చేవాడు. "ఎక్కువ తాగుతోంది, రెండు గీతలు తగ్గించు," అనేవాడు. తగ్గిస్తే సరిపోయేది. నలభై ఏళ్లు నగరపాలక సంస్థలో బస్సు రూట్లు గీసిన మనిషి, కార్ల పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తన గ్యారేజీలో తన కారుని విప్పి బిగిస్తూ నేర్చుకున్నాడు.

ముక్కు పోయాక కూడా పిలిస్తే వచ్చేవాడు. అలాగే వంగేవాడు, పీల్చేవాడు, కాస్సేపు ఆగేవాడు. నిజానికి చెవులతో ఇంజన్ చప్పుడు వింటూ, కళ్లతో పైపు అంచున మసి రంగు చూస్తూ లెక్క కట్టేవాడు. ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పాడు. నా కారు దగ్గర మాత్రం తప్పాడు. తగ్గించమన్నాడు, తగ్గించాను. ఆ వారం ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే బండి దగ్గడం మొదలెట్టింది. ప్లగ్గులు తీసి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, అంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. వెళ్లి అడిగితే, ప్లగ్గులే నాసిరకం అయ్యుంటాయన్నాడు. అతను చెప్పాడు కదా అని కొత్త ప్లగ్గులు వేసుకున్నాను.

ఐవర్ వాళ్ల వీధిలో అన్నీ జంట ఇళ్లు. గ్యారేజీలూ అంతే, ఇతనిదీ పక్కింటివాళ్లదీ మధ్య ఒకే ఇటుక గోడ. గాలి ఆడడానికి గోడ అడుగున కన్నాలున్న ఇటుకలు పెట్టారు. పక్కింట్లో హిలరీ మాడక్స్ అనే ఆవిడ ఉంటుంది. కళ్లద్దాల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. భర్త లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు ఇంటి పట్టున ఉండడు. ఆవిడ గ్యారేజీలో కారు పెట్టదు. వాషింగ్ మెషిను, బట్టలారబెట్టే డ్రయ్యరు, ఫ్రీజరు అక్కడే ఉంటాయి.

ఆవిడ వచ్చిన కొత్తలోనే ఇద్దరికీ పడలేదు. ఆదివారం పొద్దున్నే ఐవర్ ఇంజన్ స్టార్ట్ చేసి గుర్రుమనిపిస్తే, ఆవిడ కిటికీ తీసి మళ్లీ ధడాలున వేసేది. ఓసారి అతని గేటుకి అడ్డంగా తన కారు పెట్టేసి డ్యూటీకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఎదురుపడితే తల ఊపుకోవడమే తప్ప మాటల్లేవు.

మే నెలలో ఒక సాయంత్రం ఆవిడే గేటు దగ్గరకొచ్చింది.

"మిస్టర్ టాన్స్లీ, నా దుప్పట్లు పెట్రోలు కంపు కొడుతున్నాయి."

"కారున్న గ్యారేజీలోంచి పెట్రోలు వాసన రాక గులాబీల వాసన వస్తుందాండీ?"

"ఆ రోజూ వచ్చే వాసన నాకు తెలుసు. వచ్చిన దగ్గర్నుంచీ పీలుస్తూనే ఉన్నాను. ఇది అది కాదు. ఓసారి చూసుకోండి."

చూశాడు. లైటు పట్టుకుని కారు కింద దూరాడు. పైపు అతుకుల చుట్టూ తెల్లటి కాగితం చుట్టి తీశాడు. ఎక్కడా తడి లేదు. ఇంజన్ దగ్గరా, డిక్కీ తెరిచి పైపైన చూసినా అంతే. చివర్లో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆ ముక్కుతో పీల్చి లాభం లేదని తెలుసు, అయినా పీల్చాడు. తడి లేదంటే కారడం లేదనే కదా అని తనకి తనే చెప్పుకున్నాడు.

నన్ను పిలిచి "కాస్త వాసన చూసిపెట్టు" అంటే పది నిమిషాల పని. కానీ "నీ ముక్కుకేమైంది?" అని నేను అడుగుతాను కదా. అందుకని పిలవలేదు.

రెండోసారి హిలరీ వచ్చినప్పుడు మాటలు ముదిరాయి. మీకు మొదట్నుంచీ ఈ కారంటే గిట్టదు, ఆ మాట సూటిగా చెప్పండని ఇతను అన్నాడు. గిట్టకపోవడం నిజమే గానీ ఇప్పుడు మాట్లాడేది దాని గురించి కాదని ఆవిడంది. ఇంకోసారి వాసనొస్తే ఇతని దగ్గరకి రానని, నేరుగా ఫైరింజన్ వాళ్లకే ఫోన్ చేస్తానని చెప్పి వెళ్లిపోయింది.

జూన్‌లో మా సంఘం వేల్స్ కొండల్లోకి ప్రయాణం పెట్టుకుంది. దానికి రెండు రోజుల ముందు, శనివారం, ఐవర్ కారుని సిద్ధం చేస్తున్నాడు. పంపు ఆన్ చేసి చాలాసేపు ఒత్తిడి చూశాడు. మీటరు ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. పంపు ఆపేశాడు. సైలెన్సర్‌ని పట్టుకునే బోల్టు ఒకటి తుప్పు పట్టి కదలనంటోంది. దాన్ని కోసేద్దామని గ్రైండింగ్ మిషను ప్లగ్గులో పెట్టాడు. బయట తుంపర పడుతోందని గ్యారేజీ తలుపు కిందికి దించేసి ఉంది.

గోడకి అవతల హిలరీ తడి బట్టలు డ్రయ్యర్లో వేసింది. బటను నొక్కబోతూ ఆగిపోయింది. వాసన అంతకు ముందెప్పుడూ లేనంతగా గుప్పుమంది. ఇవతల ఇతను ఇనప సామాను జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ డ్రయ్యరు జోలికి పోకుండా, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతోనే చుట్టూ తిరిగొచ్చి, ఐవర్ గ్యారేజీ తలుపు తనే పైకెత్తింది.

అతను కారు వెనక ఒక మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. బొటనవేలు మిషను బటను మీద ఉంది.

"ఐవర్, అది నొక్కకండి," అంది.

పేరుతో పిలవడం అదే మొదటిసారి. అందుకే ఆగానని తర్వాత నాకు చెప్పాడు. మామూలుగా మిస్టర్ టాన్స్లీ అనుంటే నొక్కేసేవాడినేమో అన్నాడు.

"నేను అంతా చూశానండీ. ఎక్కడా తడి లేదు."

"తడి సంగతి నాకు తెలీదు. నాకు కళ్లు మండుతున్నాయి. మీకు నిజంగా రావడం లేదా వాసన?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిందట. తలెత్తి ఆవిడ మొహం చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, భయపడుతోందని తెలుస్తోంది. అంత భయంలోనూ వెనక్కి పరిగెత్తకుండా ఓ అడుగు లోపలికే వేసింది.

"రావడం లేదు," అన్నాడు. "ఏడాదిన్నర అయింది. నాకే వాసనా రాదు."

ఆవిడ అయ్యో అనలేదు. "ఆ ముక్క మే నెలలోనే చెప్పి ఉండాల్సింది. ఆ మిషను మెల్లిగా కింద పెట్టి ఇవతలికి రండి."

పెట్టాడు. ప్లగ్గు పీకబోతే ఆవిడే వద్దంది, చిన్న రవ్వ లేచినా అంటుకుంటుంది, ఏ బటనూ ఏ ప్లగ్గూ ముట్టుకోవద్దంది. హ్యాండ్‌బ్రేక్ తీసి, ఇద్దరూ కారుని తోశారు. ఆవిడ ముందు నుంచి బానెట్ మీద చేతులు వేసి, ఇతను తలుపు పక్కనుంచి స్టీరింగ్ పట్టుకుని. కారు వెనక్కి దొర్లి తుంపరలోకి వచ్చింది. ఆవిడ చెప్పులు తడిసి ముద్దయ్యాయి. తర్వాత వెళ్లి తన గ్యారేజీ తలుపు కూడా బార్లా తెరిచింది.

గాలి ఆడేదాకా ఇద్దరూ దూరంగా నిలబడ్డారు. అప్పుడు ఐవర్, ఇంకో సాయం చేస్తారా అని అడిగాడు. కారు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వాసన చూసి, ఎక్కడ ఎక్కువగా ఉందో చెప్పాలి.

"మీరు ఓ కుక్కని పెంచుకోవాల్సిందండీ," అంది. అన్నా వంగింది. బానెట్ దగ్గర నూనె వాసనే తప్ప ఇంకేం లేదంది. తలుపుల దగ్గర ఏమీ లేదంది. డిక్కీ తెరవగానే చేత్తో ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.

స్పేర్ టైరు తీశాడు. దాని కింద చెక్క, చెక్క కింద మందపాటి నలుపు ఫెల్టు గుడ్డ. పైన చూస్తే పొడిగానే ఉంది. ఆవిడ ఒక మూల చూపించింది. అక్కడ వేలితో నొక్కితే చల్లగా తగిలింది, వేలు తడిసింది.

పంపు నుంచి బయల్దేరే పైపుకి పైన ఉక్కు తీగల అల్లిక, లోపల రబ్బరు. అల్లిక కొత్తదానిలా మెరుస్తోంది. తర్వాత నేనూ అతనూ కలిసి దాన్ని కోసి చూశాం. లోపలి రబ్బరు నానిన బిస్కెట్టులా వేళ్లకి అంటుకుని ఊడొచ్చింది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఆల్కహాల్ కలుపుతున్నారు, పాత రకం రబ్బరు దానికి ఆగదు. పైపులన్నీ మార్చుకోండని సంఘంలో మా అందరికీ చెప్పిందే ఐవర్. తనూ మార్చాడు. కాకపోతే ఆ ఒక్క పైపూ ఎన్నో ఏళ్ల క్రితం సంతలో కొని అరలో దాచుకున్న ప్యాకెట్లోది. విప్పని ప్యాకెట్టు కదా, కొత్తదే అనుకున్నాడు. పంపు నడిచినప్పుడల్లా పెట్రోలు అల్లిక లోపలే జారి ఫెల్టులోకి ఇంకేది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది నేల మీదే పాకుతూ గోడ అడుగు కన్నాల్లోంచి అవతలికి వెళ్లేది.

ఐవర్ తన ఇంటి ముందున్న పొట్టి గోడ మీద కూర్చున్నాడు. నొక్కి ఉంటే తనొక్కడితో పోయేది కాదని అప్పుడు తట్టింది. హిలరీ లోపలికెళ్లి టీ తెచ్చింది. అడక్కుండానే బోలెడు చక్కెర వేసింది. క్షమించమన్నాడు. ఇది మీ మీద ప్రేమతో చేసింది కాదు, గోడకి అవతల ఉండేది నేనే కదా అందావిడ. ఆ తర్వాత, ఎలాగూ మాట వచ్చింది కాబట్టి, ఆదివారాలు తొమ్మిదింటికి ముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దంది. సరేనన్నాడు.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పాడు. చివర్లో, "నీ ప్లగ్గులు మంచివేనయ్యా, నేనే తప్పు చెప్పాను," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఒక్క సంగతికి కాదు, ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటైనా అనలేదని. కాస్త కోపంగానే మాట్లాడి పెట్టేశాను. మర్నాడు మాత్రం పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్లాను.

వేల్స్ ప్రయాణానికి ఐవర్ రాలేదు. ఆ వేసవంతా ఆదివారాలు నేను అతనింటి దగ్గరే ఉన్నాను. పైపులన్నీ పీకి, ఈ కాలపు పెట్రోలుకి ఆగే కొత్త రకం వేశాం. ట్యాంకు కడిగాం. నాజిళ్లు ఒక్కొక్కటే బయటికి తీసి, మూతి వెడల్పు సీసాలోకి చిమ్మించి చూశాం. గొడుగులా పొగమంచులా పడితే మంచిది, తీగలా కారితే చెడ్డది. ఒకటి కారింది, మార్చాం. ఇదంతా ఆరుబయటే. వాసన చూసే పని నాది. హిలరీ మధ్యమధ్యలో గోడ మీంచి తొంగి చూసి, నా ముక్కు మీద కూడా నమ్మకం లేనట్టు తనూ ఓసారి పీల్చి వెళ్లేది. ఐవర్ పెట్రోలు ఆవిరిని పసిగట్టే అలారాలు రెండు కొని, ఒకటి తన గ్యారేజీలో, ఒకటి ఆవిడ గ్యారేజీలో బిగించాడు. ఆవిడ వైపుది మొదటి రోజే మోగింది. ఇద్దరం పరిగెత్తుకెళితే, ఆవిడ ఫ్రీజరు పక్కన కూర్చుని ఏదో మందుతో గోళ్లరంగు తుడుచుకుంటోంది, ఆ ఆవిరికే మోగింది. ఈ గోల నాకెందుకు తెచ్చిపెట్టారని కేకలేసింది గానీ, అలారం మాత్రం తీసెయ్యమనలేదు.

సెప్టెంబరులో సంఘం మీటింగు ఎప్పటిలాగే పబ్బు వెనక గదిలో జరిగింది. ఐవర్ లేచి, తనకి వాసన తెలియదని, ఇన్నాళ్లూ అంచనా మీద చెప్పానని, తన మాట విని పాళ్లు మార్చుకున్నవాళ్లు మళ్లీ చూసుకోవాలని చెప్పి కూర్చున్నాడు. ఒకరిద్దరు మొహాలు చిట్లించారు. ఒకాయన, పెట్రోలుతో పరాచికాలా అని గట్టిగానే అన్నాడు. అప్పుడు మాలో అందరికంటే పెద్దవాడు మెర్విన్ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"నా చెవులు పోయి మూడేళ్లయింది. పంపు మూలుగుతోంది విన్నావా అని మీరడిగినప్పుడల్లా తల ఊపుతున్నాను," అన్నాడు.

గదిలో నవ్వులు మొదలయ్యాయి. పక్కనున్నాయన ఏదో అంటే మెర్విన్‌కి సగమే వినపడి, మళ్లీ చెప్పమన్నాడు. ఆ రోజు నుంచి ఎవరి బండి చూడాలన్నా ఇద్దరేసి వెళ్లాలని అనుకున్నాం. పొగని కొలిచే పరికరం ఒకటి సంఘం తరఫున కొన్నాం.

ఐవర్ ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ నాలుగు చిన్న సీసాలిచ్చారు, నిమ్మ, గులాబీ, లవంగం, నీలగిరి తైలం. పొద్దునా సాయంత్రం వాటిని పీల్చాలి. వాసన రాకపోయినా ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి. మానకుండా చేస్తున్నాడు. ఆ నాలుగింట్లో ఏదీ ఇంకా రాలేదు. ఈ మధ్య కాఫీ దగ్గర మాత్రం ఏదో తగులుతోందట. కాఫీ వాసన కాదు, కాలిన రబ్బరులాంటిదేదో. ముక్కు మళ్లీ మొదలవుతున్నప్పుడు అలా తప్పుగా వస్తుందని, అది మంచి గుర్తేనని డాక్టరమ్మ చెప్పింది. అందుకని ఐవర్ రోజూ ఒక కప్పు కాఫీ కలుపుకుని, ఒక్క గుక్కయినా తాగకుండా, చల్లారేదాకా వాసన చూసి, పారబోస్తున్నాడు.